పరగడుపు

ఆ చలికాలం మా ఇంట్లో అందరికంటే ముందు స్వెట్టరు బయటికి తీసింది అమ్మ. గాలిలో చల్లదనం ఇంకా సరిగ్గా దిగనేలేదు, ఆమె ఒంటి మీద రెండు స్వెట్టర్లు, వాటి మీద శాలువా, కాళ్ళకి నాన్న మేజోళ్ళు. అయినా వణుకే. "ఈ ఏడు చలి ముందే వచ్చినట్టుందర్రా" అని నాన్న తీర్పు చెప్పేశాడు. చలి మీదికి తోసేస్తే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నేనూ తమ్ముడూ తలలూపాం.

మా అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. వందల నంబర్లు ఆమె నాలుక చివర ఉండేవి. ఆ నాలుక ఊరికే కూర్చునేది కూడా కాదు. చీర కుచ్చిళ్ళు సరిగ్గా లేకపోయినా, గ్యాసు పొయ్యి ఒక్క నిమిషం ఎక్కువ వెలిగినా మాకు అక్షింతలు పడేవి. తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. వాడు హారన్ కొట్టడం అమ్మ దగ్గరే నేర్చుకున్నాడని నాన్న ఎగతాళి చేసేవాడు. అలాంటిది వానాకాలం చివర్నుంచీ ఆమె నోరు మెత్తబడిపోయింది. అడిగితే ఒక మాట, అదీ బొంగురు గొంతుతో, ఎక్కడో వెతికి తెచ్చినట్టు ఆలస్యంగా. నన్ను తిట్టి రెండు నెలలైంది.

అప్పుడు మేం ఏం చేశాం? సంతోషించాం. "మీ అమ్మకి ఇన్నాళ్ళకి శాంతం వచ్చింది" అని నాన్న అంటే, సిగ్గులేకుండా నేను నవ్వాను కూడా.

అమ్మకి ఎనిమిదేళ్ళ కిందట ఆపరేషన్ చేసి గొంతులో థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. ఒంట్లో అది చేయవలసిన పని అప్పట్నుంచీ రోజుకో చిన్న మాత్ర చేసిపెడుతోంది. దానికి తోడు కాల్షియం బిళ్ళ. ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి ఆమెకి మింగడం కష్టమైపోయింది. గింజంత మాత్ర కూడా గొంతులో అడ్డం పడి, కళ్ళు తేలేసేది. డాక్టరు మాత్ర మాన్పించి అదే మందుని ద్రవంగా రాశాడు. ముదురు రంగు చిన్న సీసా, దాంతోపాటు సన్నని గీతలున్న సూది లేని సిరంజి. చీటీ మీద ఒక్క ముక్క రాశాడు: పరగడుపున.

సిరంజి కనపడగానే నాన్న చెయ్యి చాచాడు. నాన్న వాచీలు బాగుచేసేవాడు. మా ముందుగదే ఆయన షాపు. వీధిలో అందరూ ఆయన్ని సెకండ్ల మాస్టారు అనేవారు.

"ఇది నా పని. మీ అక్కాతమ్ముళ్ళ చేతులు ఒక్కచోట కుదురుగా ఉండవు" అన్నాడు.

అన్నట్టే చేశాడు. రోజూ పొద్దున్న అమ్మ పళ్ళు తోముకుని వచ్చేసరికి కిటికీ దగ్గర నిలబడి, కంటికి వాచీలు చూసే నల్ల భూతద్దం తగిలించుకుని, సిరంజిలో మందు సరిగ్గా గీత మీదికి లాగేవాడు. అప్పుడు దాన్ని గోరువెచ్చని పాల గ్లాసులో పిండేవాడు. అందులోనే మెత్తగా నూరిన కాల్షియం బిళ్ళ పొడి వేసి, చెంచాతో తిప్పి తిప్పి, నురగ తీసేసి ఇచ్చేవాడు.

"ఒక్కో గుక్కకీ దాని ప్రాణం మీదికొస్తోంది" అని నాతో అన్నాడు మొదటిరోజు. "మందుకోసారి, బిళ్ళకోసారి, పాలకోసారి ఎందుకు బాధపెట్టడం? ఒక్క గ్లాసుతో సరి."

అమ్మ తాగినంతసేపూ గ్లాసు అడుగున చెయ్యి పెట్టుకుని నిలబడేవాడు. ఆఖరి గుక్క దిగాక ఆమె పెదవులు తన తువ్వాలుతో తుడిచి షాపు తెరిచేవాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు చెయ్యి వేసుకోవడం మేం చూసింది ఆ వానాకాలంలోనే. నేను వంటింట్లోంచి చూసి చూడనట్టు ఉండేదాన్ని.

మధ్యలో రక్తపరీక్ష చేయిస్తే అంకెలు బాగాలేవు. "పరగడుపునే ఇస్తున్నారా?" అని డాక్టరు అడిగాడు. "పరగడుపునే సార్. ఒక్కరోజు తప్పితే ఒట్టు" అన్నాడు నాన్న. అబద్ధం కాదు, ఆయన లెక్కలో. డాక్టరు డోసు పెంచాడు. నాన్న సిరంజిలో ఇంకో రెండు గీతలు పైకి లాగడం మొదలుపెట్టాడు. నెల తర్వాత మళ్ళీ పెంచారు.

చలి నిజంగా మొదలైన వారంలో నాన్న పోయాడు.

షాపులో, పనిబల్ల మీద తల వాల్చి. కంటికి భూతద్దం అలాగే ఉంది. వాచీ కోసం వచ్చినాయన, మాస్టారు లోపలి చక్రాలు చూస్తున్నారు కాబోలని పావుగంటసేపు మర్యాదగా బెంచీ మీద కూర్చున్నాడట. నేను రెడీమేడ్ బట్టల కొట్లో ఆల్టరేషన్లు చేస్తాను. ఎవరిదో ప్యాంటు అంచు విప్పుతుంటే తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, ఇంటికి రా" అని పెట్టేశాడు.

ఇల్లంతా జనం. ముందుగదిలో నాన్నని పడుకోబెట్టారు. అమ్మని కుర్చీలో తెచ్చి పక్కన కూర్చోబెట్టాం. ఆమె ముఖం అప్పటికే ఉబ్బి, కనురెప్పలు బరువుగా వాలిపోయి ఉన్నాయి. నాన్నకేసి చాలాసేపు చూసింది.

"ఈయనేంటి ఇక్కడ పడుకున్నాడు? మంచం లేదా?" అంది.

ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. అమ్మ అటు తిరిగి, "వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చారా?" అని అడిగి, మళ్ళీ కళ్ళు మూసుకుంది. తీసుకెళ్ళే వేళకి నేను ఆమె భుజాలు పట్టుకుని కుదిపాను. "అమ్మా, నాన్నని తీసుకెళ్ళిపోతున్నారు. చూడమ్మా. ఒక్కసారి చూడు."

కళ్ళు సగం తెరిచింది. "సరే, త్వరగా వచ్చేయమను" అని నిద్రలోకి జారిపోయింది.

పక్కింటి పిన్ని నన్ను దగ్గరికి తీసుకుని, "తెలియకపోవడమే మేలైందే" అంది. నాకూ అలాగే అనిపించింది. ఆ రోజు ఆ మాట పట్టుకునే నిలబడ్డాను.

మర్నాటి పొద్దున్న నుంచి గ్లాసు నా చేతికి వచ్చింది. నాన్న ఎలా చేసేవాడో చుక్క పొల్లుపోకుండా అలాగే చేశాను. కిటికీ దగ్గర నిలబడ్డాను, గీత మీదికి లాగాను, పాలలో పిండాను, పొడి కలిపాను, నురగ తీశాను. ఆయన పద్ధతి నిలబెడితే ఆయన్ని కొంచెం నిలబెట్టినట్టే ఉండేది. అమ్మ మాత్రం రోజురోజుకీ దిగజారిపోతోంది. రోజులో ముప్పావు వంతు నిద్రే. నాన్న సంగతి ఎన్నిసార్లు చెప్పినా "అలాగా" అనేది, అంతే. జుట్టు దువ్వెనకి పట్టుకుని వచ్చేస్తోంది. "మతిమరుపు జబ్బేమో అక్కా. మనం మనసు గట్టి చేసుకోవాలేమో" అన్నాడు తమ్ముడు.

మూడు వారాలకి సీసా అయిపోయింది. కొత్తది తేవడానికి మందుల షాపుకి వెళ్ళాను. అక్కడ కౌంటర్లో ఉండే ఆవిడ చీటీ చూసి నొసలు ముడిచింది.

"ఇంత డోసా? వానాకాలంలో ఇందులో సగమే కదా రాసింది. పరగడుపునే వేస్తున్నారా?"

"పరగడుపునేనండీ. పళ్ళు తోమగానే పాలల్లో కలిపి ఇచ్చేస్తాను."

ఆవిడ సీసా కోసం అర దగ్గరికి వెళ్ళబోతున్నదల్లా ఆగింది. "దేంట్లో?"

"పాలల్లో. కాల్షియం కూడా అందులోనే."

"పాలు తాగాక ఇంక పరగడుపు ఎక్కడిదమ్మా?"

"పాలు తిండి కాదుగా" అనేశాను. మా ఇంట్లో ఎప్పుడూ అంతే. టిఫిన్ తినేదాకా అందరం పరగడుపునే ఉన్నట్టు లెక్క. రెండు కాఫీలు తాగినా, గ్లాసుడు పాలు తాగినా మా నాన్న "పొద్దున్నుంచీ పరగడుపునే ఉన్నాను" అనేవాడు.

ఆవిడ కౌంటరు మీదికి వంగి నెమ్మదిగా చెప్పింది. "చూడమ్మా, ఈ మందు మింగితే చాలదు, పేగుల్లోంచి రక్తంలోకి ఇంకాలి. ద్రవమైనా సరే. కాల్షియం పక్కనుంటే దాన్ని పట్టేసుకుంటుంది, ఇంకనివ్వదు. పాలల్లో ఉండేదీ కాల్షియమే. మీరు దానికి ఇంకో బిళ్ళ కూడా జోడించారు. పోసిన మందులో చాలావరకు ఒంటికి పట్టకుండా బయటికి పోతోంది."

కౌంటరు మీది చీటీలో పరగడుపున అన్న ముక్కని మళ్ళీ చదివాను.

"ఉత్త నీళ్ళతో ఇవ్వండి. తర్వాత గంటసేపు ఇంకేమీ వద్దు, పాలు, కాఫీ ఏదీ. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో, కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఇంకోటి, ఇంటికెళ్ళకుండా ఇట్నుంచి ఇటే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంత డోసు పూర్తిగా పట్టడం మొదలైతే గుండె తట్టుకోదు, తగ్గించాలి." సీసా తెచ్చి నా ముందు పెట్టి అడిగింది. "పాలల్లో కలపమని ఎవరు చెప్పారమ్మా?"

"మా నాన్న."

ఆ షాపు గోడ గడియారం బాగుచేసింది నాన్నే. ఆవిడ దానికేసి ఒకసారి చూసి బిల్లు రాసింది.

డాక్టరు దగ్గర్నుంచి ఇంటికి నడిచి వస్తుంటే నాన్న మీద ఒళ్ళు మండిపోయింది. అంత చిన్న అక్షరాలు చదవగలిగిన మనిషివి, సీసాతో వచ్చిన కాగితం ఒక్కసారి విప్పి చూడలేకపోయావా? ఎవర్నయినా అడగలేకపోయావా? వీధి మలుపు తిరిగేసరికి తువ్వాలుతో అమ్మ పెదవులు తుడుస్తున్న మనిషి గుర్తొచ్చి, నా కోపానికి నాకే ఏడుపొచ్చింది. ఆయన పోయాక నేను మాత్రం విప్పి చూశానా? మూడు వారాలు కళ్ళు మూసుకుని అదే పని చేశాను.

తర్వాతి పొద్దున్న నుంచి అమ్మకి డాక్టరు తగ్గించిన డోసు నీళ్ళతో ఇచ్చాం. గంట గడిచాక పాలు. మధ్యాహ్నం కాల్షియం. రెండు వారాలు ఏ మార్పూ లేదు. మూడో వారం ఒక స్వెట్టరు విప్పి కుర్చీ మీద పడేసింది. తర్వాత ఒక పగలు నిద్రపోకుండా కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చుంది. ఐదో వారంలో నేను గిన్నెలు తోముతుంటే వెనక నుంచి వినపడింది.

"ఆ కుళాయి అంత ధారగా ఎందుకే? ట్యాంకు నీ అత్తగారిచ్చిందా?"

చేతిలో గిన్నె జారిపోయింది. తడి చేతులతోనే తమ్ముడికి ఫోన్ చేశాను. "తిట్టింది రా!"

"ఎవరు? అమ్మేనా? ఏమని?"

చెప్పాను. వాడు డ్యూటీ దిగి యూనిఫాంతోనే పరుగెత్తుకొచ్చాడు, తనకీ ఒకటి పడుతుందేమోనని. పడింది. బూట్లతో లోపలికొచ్చినందుకు. ఇద్దరం వంటింట్లోకి పోయి పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. ఆ గంటసేపు మా ఇంట్లో అంతకంటే అదృష్టవంతులు లేరు.

అప్పుడు అమ్మ ముందుగది తలుపు దగ్గర నిలబడి పిలిచింది.

"మీ నాన్న ఏడర్రా? షాపు ఎందుకు మూసుంది?"

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అప్పటికి చాలాసార్లు చెప్పిన సంగతే. కానీ అప్పుడు వినడానికి అక్కడ అమ్మ లేదు. ఇప్పుడు ఉంది. తమ్ముడు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాడు. బస్సు నడిపే ఆ పెద్ద చేతులతో ఆమె మోకాళ్ళు పట్టుకున్నాడు.

"ఎప్పుడు?" అంది.

"రెండు నెలలు కావస్తోందమ్మా."

ఆమె కళ్ళు గదంతా వెతికాయి. పనిబల్ల, దాని మీద కప్పిన గుడ్డ, ఖాళీ బెంచీ.

"నేను ఇంట్లోనే ఉన్నానా?"

"ఉన్నావు."

"చూశానా?"

"పక్కనే కూర్చున్నావు."

"ఏడ్చానా?"

తమ్ముడు నాకేసి చూశాడు. నేను గోడకేసి చూశాను.

"అడుగుతోంది మిమ్మల్నే. ముప్ఫై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషిని మోసుకుపోతుంటే నేనేం చేశాను?"

"నిద్రపోయావమ్మా" అన్నాను.

అమ్మ శాలువా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత మూడు రోజులు ఆమె ఏడిచిన ఏడుపు చెప్పనలవి కాదు. అందరూ ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డాక ఆమెకి ఆ రోజు వచ్చింది. ఓదార్చడానికి ఇంట్లో జనం కూడా లేరు. ఆమెని ఎందుకు మేలుకొలిపామా అని నాకు ఒక్కసారి కాదు, పదిసార్లు అనిపించింది. అనుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

నాలుగో రోజు ఆదివారం. తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. నేను బట్టలు ఆరేసి లోపలికొచ్చేసరికి అమ్మ ఫోన్ పెట్టేస్తోంది. తనకేమైందో అడగడానికి డాక్టరు ఇంటి నంబరు ఏ పుస్తకమూ చూడకుండా తిప్పిందట. ఇంకో రోజైతే దానికి పండగ చేసుకునేవాళ్ళం.

"మందు పాలల్లో కలిపారటగా" అంది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. "అందుకే నాకు పట్టలేదటగా. అందుకే తెలివి లేకుండా పడున్నానటగా."

నేను తడి చేతులు కొంగుకి తుడుచుకున్నాను.

"ఎవరు కలిపింది?"

"అమ్మా, అదీ... నాన్న..." అని తమ్ముడు మొదలుపెట్టాడు.

"నేను" అన్నాను.

తమ్ముడు చటుక్కున తల తిప్పాడు. అమ్మ నన్నే చూస్తోంది.

"గ్లాసు ఆయన చేతిలో ఉన్నట్టు గుర్తు నాకు."

"అందించేది నాన్న. వంటింట్లో కలిపేది నేను. నాన్న వద్దనే అన్నాడు, నేనే వినలేదు." ఈ ఆఖరి ముక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. ఒకటి చెప్పాక రెండోది దానంతటదే వచ్చేసింది.

"నువ్వా" అంది అమ్మ. "నాకు ఆయన చివరి చూపు లేకుండా చేశావు."

లేచి వెళ్ళి వంటింట్లోంచి మందు సీసా, సిరంజి తెచ్చుకుని తన తలగడ పక్కన పెట్టుకుంది.

తమ్ముడు నన్ను వాకిట్లోకి లాక్కుపోయాడు. "నీకేమైనా పిచ్చా అక్కా? పోయినాయనకి తిట్లు తగులుతాయా? నువ్వు రోజూ ఆమె కళ్ళముందు తిరగాలి. పద, ఇప్పుడే చెప్పేద్దాం."

"వద్దురా."

"ఎందుకు?"

"ఇంక ఆమెకి మిగిలింది ఆయనే."

"మరి మనం?"

"మనం ఉన్నాం. అది వేరు."

వాడికి అర్థమైందో లేదో, బస్సు టైమైనట్టు వెళ్ళిపోయాడు. ఆదివారమని వాడికి వీధి చివర గుర్తొచ్చి ఉంటుంది. ఆ పూట తిరిగి మాత్రం రాలేదు.

ఆ తర్వాత అమ్మ నా చేత్తో మంచినీళ్ళు కూడా తీసుకోలేదు. తిట్లు మానేసింది. మందు తగ్గి నోరు పడిపోవడం వేరు, మాట ఉండి నాతో మాట్లాడకపోవడం వేరు. మొదటిదే నయం అనిపించేది. పొద్దున్నే తనే మందు లాగుకునేది, నీళ్ళు తాగేది, గంటసేపు గోడ గడియారం కింద కూర్చునేది. ఆ గంటలో నేను అటుగా వెళితే ముఖం తిప్పుకునేది. రక్తపరీక్ష అంకెలు మాత్రం అద్దంలా వచ్చాయి. డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు.

చలి తగ్గాక స్వెట్టర్లన్నీ ఉతికి పైన పెట్టేశాను. సీసా అయిపోతే, "నేనే తెచ్చుకుంటాను" అని నాకు కాకుండా గోడకి చెప్పినట్టు చెప్పి బయల్దేరింది అమ్మ. రోడ్డు దాటాలి కదా అని నేను నాలుగడుగులు వెనక నడిచాను.

మందుల షాపు ఆవిడ అమ్మని చూసి నిజంగానే సంబరపడింది. "ఎంత బాగున్నారమ్మా! ముఖంలో కళ వచ్చింది."

"వస్తుంది మరి. ఇప్పుడు నా మందు నేనే వేసుకుంటున్నాను" అంది అమ్మ. చెయ్యి మాత్రం నా వైపు చూపించింది. "ఇదిగో, దీని తెలివి. పాలల్లో కలిపి పోసింది. ఆయన చేత్తో కలిపి ఉంటే నాకీ గతి పట్టేదా?"

కౌంటరు వెనక ఆవిడ చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. నాకేసి చూసింది. పెదవులు విడిపడ్డాయి. నేను తల అడ్డంగా ఊపాను, అమ్మకి కనపడకుండా, కొంచెమే.

ఆవిడ సీసాని కాగితంలో చుట్టడం మొదలుపెట్టింది. చాలా నెమ్మదిగా చుట్టింది.

"అడుగుతున్నాగా, పట్టేదా?" అంది అమ్మ, ఈసారి తిన్నగా నన్ను చూసి. నెల రోజుల్లో ఆమె నాతో అన్న మొదటి మాట అది.

"పట్టేది కాదమ్మా" అన్నాను.